ఫొటో తీస్తే స్టేషన్‌కు రమ్మన్నారు

ఇంగ్లండ్ చిత్రకారుడు విలియం హోగార్త్ 1748లో ఫ్రాన్స్ చూడటానికి వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో కలే రేవు దగ్గర అక్కడి పాత కోట ద్వారం ఆయన కంటపడింది. కాగితం తీసి గీసుకోవడం మొదలుపెట్టాడు. సైనికులు వచ్చి పట్టుకున్నారు. గూఢచారివి అన్నారు. రెండు దేశాల మధ్య యుద్ధం అప్పుడే సద్దుమణిగింది కాబట్టి ప్రాణాలతో ఓడెక్కించి పంపేశారు. ఇంటికి చేరాక ఆయన ఊరుకోలేదు. ఆ ద్వారాన్నే పెద్ద వర్ణచిత్రంగా వేసి, ఓ పక్కన బొమ్మ గీసుకుంటున్న తనను, తన భుజం మీద పడిన సైనికుడి చేతిని కూడా అందులో చేర్చాడు. లండన్‌లోని టేట్ సంగ్రహంలో ఆ చిత్రం ఇప్పటికీ ఉంది. కెమెరా లోకానికి తెలియడానికి తొంభై ఏళ్ల ముందు మాట ఇది.

ఆ తర్వాత పరికరాలు మారాయి గానీ కథ పెద్దగా మారలేదు. వంతెన, రైల్వే స్టేషన్, విమానాశ్రయం, అధ్యక్షుడి నివాసం, రోడ్డు మీద గొడవ, ఆ గొడవను ఆపుతున్న పోలీసు... వీటిలో ఏదో ఒకటి పర్యాటకుడి ఫ్రేములో పడుతుంది. ఎవరో వచ్చి ‘ఏం తీస్తున్నావ్?’ అంటారు. వ్యవహారం పది నిమిషాల్లో తేలిపోవచ్చు, నెలలు పట్టనూవచ్చు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా రెండు రకాల మాటలు వినిపిస్తాయి. పరాయి దేశం వెళ్లినవాడు ఒళ్లు దగ్గర పెట్టుకోవద్దా అని కొందరు. గూగుల్‌లో అందరికీ కనిపించేదానికి కూడా కేసేమిటి, ఆ పోలీసులకు బుద్ధి లేదా అని మరికొందరు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అయితే ఈ పాతికేళ్లలో బయటికొచ్చిన కేసులను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు లోపం మరోచోట కనిపిస్తుంది. ఏది తీయకూడదో ముందుగా చెప్పకుండా, తీశాక మాత్రం దురుద్దేశాన్ని తామే ఊహించుకునే చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. అవి పర్యాటకుడినీ కానిస్టేబుల్‌నీ రోడ్డు మీద ఎదురెదురుగా నిలబెట్టి తాము పక్కకు తప్పుకుంటాయి.

వీటన్నిటిలో కాస్త ఆగి చెప్పుకోవాల్సింది గ్రీస్ కేసు. 2001 నవంబరులో కాలమాట వైమానిక స్థావరంలో విమాన ప్రదర్శన చూడటానికి వెళ్లిన పన్నెండుమంది బ్రిటిష్ వాళ్లను, ఇద్దరు డచ్ వాళ్లను పోలీసులు అరెస్టు చేశారు. వాళ్లది విమానాలు చూసే సరదా. ఏ విమానం ఎక్కడ కనిపించిందో దాని తోక మీది నంబరుతో సహా పుస్తకంలో రాసుకోవడం, వీలైతే ఫొటో తీసుకోవడం, ఇంటికెళ్లి తోటి సరదారాయుళ్ల లెక్కలతో పోల్చుకోవడం. బ్రిటన్‌లో ఇది పిచ్చి వ్యాపకమే గానీ నేరం కాదు. విమానాశ్రయాల కంచెల దగ్గర నిచ్చెనలు వేసుకుని నిలబడేవాళ్లు అక్కడ మామూలే. గ్రీస్ పోలీసులకు అలాంటి మనిషి ఉంటాడన్న సంగతే తెలియదు. పైగా న్యూయార్క్ జంట భవనాలు కూలి రెండు నెలలైనా కాలేదు. సైనిక విమానాల నంబర్లు రాసుకుంటున్న విదేశీయుడు వాళ్ల కళ్లకు గూఢచారిలాగే కనిపించాడు.

ఆ గుంపులో ఒకామెకు విమానాలంటే ఆసక్తే లేదు. భర్త వెంట సెలవు గడపడానికి వచ్చి, వాహనంలో కూర్చుని గళ్లనుడికట్టు నింపుకుంటోంది. ఆమెనూ తీసుకెళ్లారు. దాదాపు అయిదు వారాలు జైల్లో ఉన్నాక అందరికీ బెయిలు వచ్చింది. 2002 ఏప్రిల్‌లో కింది కోర్టు ఎనిమిదిమందికి గూఢచర్యం కింద మూడేళ్లు, మిగిలిన ఆరుగురికి వాళ్లకు తోడ్పడ్డారని ఏడాది శిక్ష వేసింది. అప్పీలు తేలేదాకా బయట ఉండనిచ్చారు. ఆ నవంబరులో పైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. అంటే ఏడాదిపాటు రెండు ప్రభుత్వాలు, న్యాయవాదులు, న్యాయమూర్తులు కలిసి తేల్చిన విషయం ఒక్కటే: వాళ్లు చెప్పిందే నిజం, అది వట్టి సరదానే.

ఈ తీర్పు తర్వాత కూడా విమానాల పిచ్చివాళ్ల కష్టాలు తీరలేదు. ఢిల్లీ విమానాశ్రయానికి ఆనుకుని ఉన్న ఒక హోటల్‌లో రన్‌వే కనిపించే గది కావాలని అడిగిన ఇద్దరు బ్రిటిష్ అతిథులు 2010లో అరెస్టయ్యారు. ఉగ్రవాదులన్న అనుమానంతో మొదలైన కేసు చివరికి చిన్న నేరానికి జరిమానాతో ముగిసింది. 2015లో యూఏఈలోని ఫుజైరా విమానాశ్రయం దగ్గర మరో ముగ్గురు బ్రిటిష్ వాళ్లు పట్టుబడి రెండు నెలలపాటు నిర్బంధంలో ఉన్నారు. మూడు దేశాలు, మూడు రకాల చట్టాలు. ఆ సరదా ఏమిటో అర్థం కాని పోలీసు మాత్రం మూడుచోట్లా ఒక్కడే.

అలాగని పోలీసు అనుమానాన్ని మూర్ఖత్వమని కొట్టిపారేయలేం. 1910లో జర్మనీ ఉత్తర తీరంలోని దీవుల్లో విహారయాత్రికుల్లా తిరుగుతూ కోటలను ఫొటోలు తీస్తున్న ఇద్దరు బ్రిటిష్ అధికారులు దొరికిపోయారు. ఒకరు నౌకాదళానికి చెందిన బ్రాండన్, మరొకరు ట్రెంచ్. వీళ్లు నిజంగానే గూఢచారులు. లైప్‌జిగ్ కోర్టు చెరో నాలుగేళ్లు శిక్ష వేసింది. 1913లో బ్రిటిష్ రాజు జర్మనీ చక్రవర్తి ఇంటి పెళ్లికి వచ్చిన సందర్భంగా వాళ్లకు క్షమాభిక్ష దొరికింది. అంతకంటే ఆశ్చర్యమైనది రెండో ప్రపంచ యుద్ధం నాటి సంగతి. యూరప్ తీరాల్లో సెలవులు గడిపినప్పుడు తీసుకున్న ఫొటోలు, కొనుక్కున్న పోస్టుకార్డులు ఏవైనా ఉంటే పంపమని 1942లో బీబీసీ శ్రోతలను కోరింది. అవి లక్షల్లో వచ్చిపడ్డాయి. ఇసుకలో పిల్లలు ఆడుకుంటున్న ఫొటోలో వెనకనున్న గట్టు ఎత్తు, తీరం వాలు, రోడ్డు వెడల్పు సైన్యానికి పనికొచ్చాయి. సేనలను ఏ తీరంలో దించాలో ఆలోచించేటప్పుడు ఆ కుటుంబ ఫొటోలు కూడా బల్లమీద ఉన్నాయి. ‘నేను తీసుకున్నది మా పిల్లల ఫొటోనే కదా’ అనే వాదనకు చరిత్ర ఇచ్చిన చేదు జవాబిది.

ఇప్పటి యుద్ధాల్లో ఆ భయం ఇంకా గట్టిది. రష్యా దాడి మొదలయ్యాక 2022 మార్చిలో ఉక్రెయిన్ తన సైనిక కదలికల చిత్రాలను ప్రచురించడాన్ని నేరంగా మార్చింది. క్షిపణి పడినచోట తీసిన వీడియో ఒకటి చాలు, గురి ఎంత తప్పిందో కొట్టినవాడికి తెలిసిపోతుంది. మన దేశంలోనూ 2025 మేలో పాకిస్థాన్‌తో ఘర్షణ తర్వాత సైనిక వైమానిక స్థావరాల నుంచి ఎగిరే పౌర విమానాల్లో కొంత ఎత్తుకు చేరేదాకా కిటికీ తెరలు దించి ఉంచాలని, ఫొటోలు తీయనివ్వొద్దని డీజీసీఏ ఆదేశించింది. ఇలాంటి నిషేధాలకు కారణం ఉంది, హద్దు ఉంది, పరిస్థితి చక్కబడితే ఎత్తేసే వీలూ ఉంది. వీటితో పేచీ లేదు.

పేచీ అంతా శాంతికాలంలో కూడా కదలకుండా కూర్చున్న పాత చట్టాలతోనే. బ్రాండన్, ట్రెంచ్‌ల నాటి గూఢచారి భయాల్లోంచే బ్రిటన్‌లో 1911 నాటి అధికార రహస్యాల చట్టం పుట్టింది. దాన్ని చూసి రాసుకున్నదే మన 1923 చట్టం. దాని మూడో సెక్షన్ ‘నిషిద్ధ ప్రదేశం’ చుట్టుపక్కల తిరగడాన్ని, బొమ్మ గీయడాన్ని, నమూనా చేయడాన్ని శిక్షార్హం చేస్తుంది. దేశభద్రతకు హాని చేసే ఉద్దేశం ఉండాలని చెబుతూనే, ఆ ఉద్దేశానికి ప్రత్యేకంగా రుజువు అక్కర్లేదు, పరిస్థితులను బట్టి, మనిషి నడవడిని బట్టి ఊహించుకోవచ్చని వెసులుబాటు ఇచ్చింది. రక్షణకు సంబంధించిన చోటైతే శిక్ష 14 ఏళ్ల దాకా ఉంటుంది. తెల్లవాళ్ల పాలనలో నడిచిన మరెన్నో దేశాలకు ఇదే అచ్చు వారసత్వంగా వచ్చింది. తమాషా ఏమిటంటే అసలు చట్టాన్ని బ్రిటన్ 2023లో రద్దు చేసి కొత్తది తెచ్చుకుంది. మన నకలు మాత్రం నూరేళ్లు దాటినా చెక్కుచెదరలేదు.

చట్టం ఇంత వదులుగా ఉంటే అనుమానించే పని ఎవరి చేతికి పోతుంది? పోలీసు చేతికే అనుకుంటాం. కేసులు చూస్తే చాలాసార్లు మొదటి వేలు చూపించింది పోలీసు కాదు. ఢిల్లీలో హోటల్ సిబ్బంది. 2021 నవంబరులో ఇస్తాంబుల్‌లోని చామ్లిజా టవర్ ఎక్కి, అక్కణ్నుంచి కనిపించే అధ్యక్షుడు ఎర్డోగాన్ నివాసాన్ని ఫొటో తీసిన ఇజ్రాయెల్ దంపతుల విషయంలో టవర్ ఉద్యోగులు. ఆ ఇద్దరూ తమ దేశంలో బస్సు డ్రైవర్లు. గూఢచర్యం అభియోగం మీద వారానికి పైగా నిర్బంధంలో ఉండి, రెండు ప్రభుత్వాలు మాట్లాడుకున్నాక విడుదలయ్యారు. శ్రీలంకలోని గాలేలో 2012లో మరీ విచిత్రం జరిగింది. బుద్ధ విగ్రహానికి ముద్దు పెడుతున్నట్టు ఫొటోలు దిగిన ఫ్రెంచ్ పర్యాటకులు వాటిని ప్రింట్ వేయించుకోవడానికి ఫొటో స్టూడియోకు ఇచ్చారు. స్టూడియోవాళ్లు పోలీసులకు చెప్పారు. ముగ్గురికి ఆరు నెలల జైలు శిక్ష పడింది, కాకపోతే దాని అమలును నిలిపి ఉంచారు. వీళ్లది గూఢచర్యం కేసు కాదు, మత విశ్వాసాలను కించపరిచిన కేసు. బుద్ధుడికి వీపు పెట్టి ఫొటో దిగడమే అక్కడ అపచారమన్న సంగతి తెలియకపోవడం ఒక ఎత్తు, ముద్దు పెట్టడం మరో ఎత్తు. ఈ ఒక్క విషయంలో నా సానుభూతి స్టూడియోవాళ్ల వైపే. మన ఊరి గుళ్లో ఎవరైనా అలా చేస్తే మనమూ ఊరుకోం.

అనుమానం ఎవరి మీద పడుతుందన్నది ఇంకో ప్రశ్న. తీసిన వస్తువు కన్నా తీసినవాడి వాలకం ఎక్కువ పనిచేస్తుంది. స్విట్జర్లాండ్‌లో పుట్టిన ఫొటోగ్రాఫర్ రాబర్ట్ ఫ్రాంక్ 1955లో గుగెన్‌హైమ్ ఫెలోషిప్‌తో అమెరికా అంతా కారులో తిరుగుతూ ఫొటోలు తీస్తున్నాడు. నవంబరులో అర్కన్సా రాష్ట్రంలోని మగీహీ అనే చిన్న ఊరి దగ్గర పోలీసులు ఆపారు. మాసిన గడ్డం, నలిగిన బట్టలు, విదేశీ యాస, కారు నిండా పెట్టెలు, కెమెరాలు. అది కమ్యూనిస్టు భయం రాజ్యమేలుతున్న కాలం. స్టేషన్‌లో కూర్చోబెట్టి గంటల తరబడి ప్రశ్నించి, వేలిముద్రలు తీసుకుని వదిలారు. ఆ ప్రయాణంలో తీసిన ఫొటోలే 1958లో పారిస్‌లో, మరుసటేడు అమెరికాలో ‘ది అమెరికన్స్’ పుస్తకంగా వచ్చాయి. ఇరవయ్యో శతాబ్దపు ఫొటోగ్రఫీలో అంతగా ప్రభావం చూపిన పుస్తకాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఆ ఊరి స్టేషన్‌లో ఎవరికైనా కోపం ఇంకాస్త ఎక్కువై ఆ ఫిల్ములు వెలుగులోకి లాగి ఉంటే అందులో కొంత భాగం మనకు దక్కేది కాదు.

సరిగ్గా అర్ధ శతాబ్దం తర్వాత మనవాడికే అలాంటిది జరిగింది. గుజరాత్ అల్లర్ల మీద ‘ఫైనల్ సొల్యూషన్’ డాక్యుమెంటరీ తీసిన రాకేశ్ శర్మ 2005 మేలో న్యూయార్క్ టాక్సీ డ్రైవర్ల మీద సినిమా తీస్తూ మాన్‌హటన్‌లో ఓ వీధి పక్కన నిలబడి చేతి కెమెరాతో చిత్రీకరిస్తున్నాడు. పోలీసులు ఆపి, గంటల తరబడి నిర్బంధించి ప్రశ్నించారు. ఆ తర్వాత చిత్రీకరణకు నగరపాలక సంస్థను అనుమతి అడిగితే అదీ దొరకలేదు. ఫ్రాంక్‌కూ శర్మకూ తేడా ఇక్కడే ఉంది. శర్మ ఊరుకోలేదు. న్యూయార్క్ పౌరహక్కుల సంఘం సాయంతో 2006లో నగరం మీద దావా వేశాడు. మరుసటేడు రాజీ కుదిరింది. అనుమతుల నిబంధనలు రాతపూర్వకంగా పెడతామని నగరం ఒప్పుకుంది. ముందు వచ్చిన ముసాయిదా మరీ అన్యాయంగా ఉండేది. ఇద్దరు కలిసి అరగంట మించి చిత్రీకరిస్తే అనుమతి, పది లక్షల డాలర్ల బీమా కావాలట! ఫొటోగ్రాఫర్లు వీధికెక్కాక దాన్ని వెనక్కి తీసుకున్నారు. 2008లో వచ్చిన తుది నిబంధనల ప్రకారం చేతి కెమెరాతోనో, కాళ్ల స్టాండు పెట్టుకునో దారికి అడ్డం లేకుండా తీసేవాళ్లకు అనుమతి అక్కర్లేదు. ఇవాళ టైమ్స్ స్క్వేర్‌లో నిలబడి రీల్స్ చేసుకుంటున్న మన పిల్లలు ఆ దావాకు ఎంతో కొంత రుణపడి ఉన్నారు.

తప్పు తెలుసుకుని చట్టాన్ని దిద్దుకున్న దేశాలు ఇంకా ఉన్నాయి. బ్రిటన్‌లో 2000 నాటి ఉగ్రవాద చట్టంలోని 44వ సెక్షన్ ప్రకారం ఎంపిక చేసిన ప్రాంతాల్లో అనుమానానికి కారణమేదీ లేకుండానే ఎవరినైనా ఆపి సోదా చేసే వీలుండేది. పర్యాటకులు, ఫొటోగ్రాఫర్లు దాని బారిన పదేపదే పడ్డారు. 2009లో ఆస్ట్రియా నుంచి వచ్చిన తండ్రీకొడుకులు లండన్‌లో ఎర్ర డబుల్ డెక్కర్ బస్సులను, బస్ స్టేషన్లను ఫొటోలు తీస్తే పోలీసులు వాటిని చెరిపేయించారు. మళ్లీ లండన్ ముఖం చూడనని ఆ తండ్రి పత్రికకు ఉత్తరం రాశాడు. 2010 జనవరిలో ఫొటోగ్రాఫర్లు ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పోగై, తాము ఫొటోలు తీసేవాళ్లమే గానీ ఉగ్రవాదులం కామని నినదించారు. అదే నెలలో యూరోపియన్ మానవహక్కుల న్యాయస్థానం ఆ సెక్షన్ వ్యక్తిగత జీవన హక్కుకు విరుద్ధమని తీర్పిచ్చింది. ఫిర్యాదు చేసిన ఇద్దరిలో ఒకరు, ఆయుధాల ప్రదర్శన దగ్గర నిరసనను చిత్రీకరించడానికి వెళ్లిన పాత్రికేయురాలు. ఆ జులైలోనే ప్రభుత్వం ఆ అధికారాన్ని ఆపేసింది. బహిరంగ ప్రదేశంలో ఫొటో తీయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని, కెమెరాలోని చిత్రాలను చెరిపే అధికారం పోలీసుకు లేదని లండన్ పోలీసుల మార్గదర్శకాలే ఇప్పుడు చెబుతున్నాయి.

అమెరికాలో 2011 నాటి గ్లిక్ కేసులో, విధుల్లో ఉన్న పోలీసును బహిరంగ ప్రదేశంలో చిత్రీకరించడం రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని బోస్టన్‌లోని ఫెడరల్ అప్పీళ్ల కోర్టు చెప్పింది. స్పెయిన్ మరో దారిలో వెళ్లింది. 2015 నాటి భద్రతా చట్టం పోలీసుల చిత్రాలను అనుమతి లేకుండా వాడితే 601 నుంచి 30,000 యూరోల దాకా జరిమానా అంది. ఆ ఏడాదే పెట్రెర్ అనే ఊళ్లో ఒకామె, వికలాంగుల స్థలంలో నిలిపిన పోలీసు కారు ఫొటోను ఫేస్‌బుక్‌లో పెట్టి 800 యూరోలు కట్టాల్సి వచ్చింది. 2020లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ‘అనుమతి లేకుండా’ అన్న మాటను కొట్టేసింది. ఈజిప్టు కథ సగమే. సొంతానికి ఫొటోలు తీసుకోవడానికి పర్యాటకులకు అనుమతులు అక్కర్లేదని 2022లో ప్రభుత్వం ప్రకటించింది, మంచిదే. కానీ దేశం పరువు తీసే దృశ్యాలు తీయరాదన్న షరతు అలాగే ఉంచింది. చెత్తకుప్ప పక్కనున్న గాడిద దేశం పరువు తీస్తోందా లేదా అన్నది ఎవరు తేల్చాలి? వీధి మలుపులోని పోలీసే. గడప ముందు నుంచి తీసేసిన తాళాన్ని పెరటి తలుపుకు వేసినట్టుంది.

ఇక డిలీట్ సంగతి. నూటికి తొంభైసార్లు ఈ గొడవ కోర్టుదాకా పోదు. ‘అది తీసెయ్’ అంటాడు పోలీసు, వీడు తీసేస్తాడు, ఇద్దరూ తమ దారిన తాము పోతారు. ఈ పద్ధతిని హక్కులవాళ్లు అవమానమని తిడతారు. నిజమే, చాలాచోట్ల పోలీసుకు ఆ అధికారం లేదు కూడా. కానీ విమానం టికెట్టు రేపటిదై, భాష రాక, చేతిలో మన పాస్‌పోర్టు ఉన్న మనిషికి ఆ క్షణంలో అంతకన్నా చవకైన పరిష్కారం లేదు. హక్కు ఉందని వాదించి గెలవడం ఆ దేశపు పౌరుడికే కష్టం. అందుకే నేను చెప్పేదేమిటంటే, మీది పత్రికా పని కానప్పుడు చెరిపేయమంటే చెరిపేయండి. అయితే ఈ చిల్లర రాజీ వల్ల ఒక నష్టం జరుగుతూనే ఉంటుంది. ఎక్కడా నమోదు కాదు, ఏ న్యాయమూర్తి ముందుకూ రాదు, కాబట్టి చట్టంలోని వదులు అలాగే ఉండిపోతుంది. గ్రీస్‌లో పద్నాలుగుమంది జైలుకెళ్లబట్టి ఆ సరదా నేరం కాదని తేలింది. లండన్‌లో ఇద్దరు స్ట్రాస్‌బర్గ్‌లోని మానవహక్కుల న్యాయస్థానం దాకా వెళ్లబట్టి 44వ సెక్షన్ పోయింది.

పైగా డిలీట్ ఇప్పుడు డిలీట్ కాదు. ఐఫోన్‌లో చెరిపిన ఫొటో ముప్పై రోజులు మరో ఫోల్డర్లో పడి ఉంటుంది. గూగుల్ ఫొటోస్‌లోకి వెళ్లిపోయినదైతే చెత్తబుట్టలో అరవై రోజులు ఉంటుంది. ఇది తెలిసిన పోలీసు అక్కడితో ఆగడు. ఫోన్ చేతికి తీసుకుని గ్యాలరీ వెనక్కి తిప్పుకుంటూ పోతాడు. అందులో మీ ఇంటి పెళ్లిళ్లు, ఆఫీసు కాగితాలు, వాట్సాప్‌లో వచ్చిన ఏదో దేశపు కార్టూన్లు అన్నీ ఉంటాయి. అరెస్టయిన మనిషి ఫోన్ చూడాలంటే వారంటు కావాలని అమెరికా సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది గానీ సరిహద్దు దగ్గర ఆ రక్షణ వర్తించదు. న్యూజిలాండ్‌లో కస్టమ్స్ అడిగితే పాస్‌వర్డ్ ఇవ్వకపోతే 5,000 డాలర్ల దాకా జరిమానా. ఒక వంతెన ఫొటోతో మొదలైన తనిఖీ మనిషి బతుకంతా తిరగేయడం దాకా పోవడం ఈ కాలపు కొత్త ప్రమాదం.

డ్రోన్ల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మయన్మార్ రాజధాని నేపిడోలో పార్లమెంటు దగ్గర డ్రోన్ ఎగరేసిన ఇద్దరు విదేశీ పాత్రికేయులు 2017లో రెండు నెలలు జైలుకెళ్లారు. వాళ్లతోపాటు స్థానికులైన దుబాసీ, డ్రైవరు కూడా. 2019లో ఒక ఫ్రెంచ్ పర్యాటకుడికి అదేచోట నెల రోజులు పడింది. అదే ఏడాది ఆస్ట్రేలియా నుంచి లండన్‌కు రోడ్డుమార్గాన వెళ్తున్న జంట ఇరాన్‌లో సైనిక ప్రాంతం దగ్గర డ్రోన్ ఎగరేసి మూడు నెలలు బందీలయ్యారు. మొరాకో, ఈజిప్టుల్లోకి డ్రోన్ తీసుకెళ్లడమే నిషేధం. అది పెట్టెలో పెట్టుకునే ముందే ఆ దేశపు నిబంధన చదవాలి. చదవనివాడి మీద జాలి పడటం నాకు చేతకాదు.

మన తెలుగువాళ్లకు అసలు గండం గూఢచర్య చట్టాల్లో లేదు. గల్ఫ్ దేశాల గోప్యతా చట్టాల్లో ఉంది. యూఏఈ 2021లో తెచ్చిన 34వ నంబరు శాసనంలోని 44వ అధికరణ ప్రకారం ఇతరుల అనుమతి లేకుండా ఫొటో తీయడం, దాచుకోవడం, పంచుకోవడం నేరం. కనీసం ఆరు నెలల జైలు, లేదా 1,50,000 నుంచి 5,00,000 దిర్హాముల జరిమానా, లేదా రెండూ. ప్రమాదంలో గాయపడినవాళ్ల, చనిపోయినవాళ్ల ఫొటోలు పెట్టడం కూడా అందులోకే వస్తుంది. సౌదీలో 2007 నాటి సైబర్ నేరాల చట్టం కెమెరా ఫోన్‌తో ఇతరుల గోప్యతకు భంగం కలిగిస్తే ఏడాది దాకా జైలు, 5 లక్షల రియాళ్ల దాకా జరిమానా అంటుంది. ఇవి తప్పుడు చట్టాలని నేననను. తన అనుమతి లేకుండా ఫొటో తీస్తే ఎవరికి నచ్చుతుంది? కానీ వీటి బరువు పర్యాటకుడి మీద కన్నా కూలిపనికి వెళ్లినవాడి మీద ఎక్కువ పడుతుంది. జగిత్యాల నుంచో, సిరిసిల్ల నుంచో, కోనసీమ నుంచో వెళ్లినవాడు రోడ్డు మీద ప్రమాదం చూస్తాడు. మన ఊళ్లో అయితే పదిమంది ఫోన్లు పైకెత్తి తీస్తారు, ఊరి వాట్సాప్ గ్రూపులో పెడతారు, అది తప్పని ఎవరూ అనరు. అదే చెయ్యి అక్కడ ఫోన్ పైకెత్తితే ఆ జరిమానా అతని కొన్నేళ్ల జీతం. ఉద్యోగం, వీసా కూడా ప్రమాదంలో పడతాయి.

పట్టుబడినవాడికి ఉన్న ఒకే ఒక్క అంతర్జాతీయ ఊతం 1963 నాటి వియన్నా కాన్సులర్ ఒప్పందం. దాని 36వ అధికరణ ప్రకారం అరెస్టయిన విదేశీయుడికి తన దేశపు రాయబార కార్యాలయంతో మాట్లాడే హక్కు ఉందని పోలీసులే ఆలస్యం లేకుండా చెప్పాలి. పాకిస్థాన్‌లో అరెస్టయిన మన దేశస్థుడు కుల్‌భూషణ్ జాదవ్ కేసులో 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం పాకిస్థాన్‌ను తప్పుపట్టింది ఈ అధికరణ మీదే. రాయబార కార్యాలయం న్యాయవాదిని చూపించగలదు, ఇంటికి కబురు చేయగలదు, వచ్చి పలకరించగలదు. ఆ దేశపు చట్టం నుంచి తప్పించలేదు. ఇజ్రాయెల్ దంపతుల కోసం ఏకంగా ప్రధాని కార్యాలయం కదిలింది. మన కూలివాడి కోసం అలా కదులుతుందని ఎవరూ అనుకోరు.

అందుకే ఈ సంగతి చెప్పాల్సింది పట్టుబడ్డాక కాదు, బయల్దేరకముందు. విశాఖలో ఆర్.కె. బీచ్‌లోని కురుసుర జలాంతర్గామి ముందు ఫొటో దిగొచ్చని, నౌకాదళం డాక్‌యార్డు గోడ దగ్గర దిగకూడదని మనకు తెలుసు. ఎందుకంటే అక్కడ బోర్డు ఉంది, చిన్నప్పటినుంచి చూస్తున్నాం. దుబాయ్ బోర్డులు, రియాద్ బోర్డులు మనకు ఎవరూ చూపించలేదు. గల్ఫ్‌కు వెళ్లే కార్మికులకు విదేశాంగ శాఖ ప్రయాణానికి ముందు శిక్షణ ఇప్పిస్తోంది. తెలంగాణలో విదేశీ ఉద్యోగాల పని చూసే టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసుల కోసం ఏపీ ఎన్‌ఆర్‌టీ సంస్థ ఉన్నాయి. జీతం, వీసా, పాస్‌పోర్టు గురించి చెప్పినంత గట్టిగా, జేబులోని ఫోన్ కెమెరా గురించి కూడా అరగంట తెలుగులో చెప్పాలి. అక్కడ ఏ ఫొటోకు ఎంత శిక్షో ఒకే కాగితం మీద పెద్ద అక్షరాల్లో అచ్చువేసి చేతికివ్వాలి. ఇందుకు కొత్త చట్టం అక్కర్లేదు, కొత్త శాఖ అక్కర్లేదు. వచ్చే బ్యాచ్ నుంచే మొదలుపెట్టండి.